ఊబి జాడ తెలిసినవాళ్ళు

ఇంగ్లండ్ వాయవ్య తీరంలో మోర్కమ్ బే అనే అఖాతం ఉంది. పాటు వేళ సముద్రం వెనక్కి పోతే అక్కడ దాదాపు 310 చదరపు కిలోమీటర్ల ఇసుక, ఒండ్రు బయటపడతాయి. బ్రిటన్‌లో ఇంత పెద్ద ఆటుపోట్ల మైదానం మరొకటి లేదు. కెంట్, లెవెన్, కీర్, లూన్, వైర్ నదులు ఈ అఖాతంలోనే కలుస్తాయి. పెద్ద పోట్ల రోజుల్లో నీటిమట్టం 10 మీటర్ల దాకా లేస్తుంది. మా కృష్ణా తీరంలో ఆ తేడా మనిషెత్తు కూడా ఉండదు. అంత నీరు రోజుకు రెండుసార్లు వచ్చి పోతుంటే నదుల పాయలు ఒకచోట నిలవవు. పాయ పక్కకు జరిగినప్పుడు పాత పాయ జాడలో నీళ్ళు పట్టిన వదులు ఇసుక మిగిలిపోతుంది. పైకి చూస్తే చుట్టూ ఉన్న నేలలాగే ఉంటుంది, కాలు పెడితే లోపలికి లాగుతుంది. అదే ఊబి. నిన్న గట్టిగా ఉన్న చోట ఇవాళ ఊబి పడవచ్చు. అందుకే ఈ అఖాతంలో ఊబిని పటంలో గుర్తు పెట్టి ఉంచలేరు. ఏ రోజుకారోజు వెళ్ళి చూసి వచ్చిన మనిషికే దాని సంగతి తెలుస్తుంది. ఆ మనిషి వృత్తికి ఇక్కడ 500 ఏళ్ళ చరిత్ర ఉంది.

నేను దివిసీమలో, నాగాయలంక దగ్గర పుట్టి పెరిగాను. మా నాన్న పాయల్లో పడవ వేసుకుని చేపలకు వెళ్ళేవాడు. ఎక్కడ దిగాల్సి వచ్చినా ముందు గెడతో అడుగు పొడిచి చూసి, గట్టి నేల అనుకున్నాకే మమ్మల్ని దిగనిచ్చేవాడు. నర్సు ఉద్యోగానికి ఈ అఖాతం దగ్గరి లాంకాస్టర్ వచ్చాక, ఇక్కడి జాలరి చేతికర్రతో ఇసుకను పొడుస్తూ ముందు నడవడం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ పనికి ఈ దేశంలో రాచ నియామకం ఉందని తెలిశాక దాని చరిత్ర వెతికి చదివాను.

రైలు రాకముందు లాంకాస్టర్ నుంచి అఖాతం అవతలి ఫర్నెస్ ప్రాంతానికి దగ్గరి దారి ఈ ఇసుక మీదుగానే. నేల మీద చుట్టూ తిరిగి వెళ్తే కొండలు, బాడవలు, చాలా దూరం. హెస్ట్ బ్యాంక్ దగ్గర ఇసుకలోకి దిగి కెంట్ నది దాటితే కెంట్స్ బ్యాంక్. అక్కడి నుంచి కార్ట్‌మెల్ ద్వీపకల్పం అడ్డంగా నడిచి లెవెన్ ఇసుక దాటితే అల్వర్‌స్టన్. ఈ దారి చాలామందిని మింగింది. ఒకేసారి 16 మంది, మరోసారి ఆరుగురు మునిగిపోయారని ఫర్నెస్ మఠాధిపతి 1326లో రాజుకు అర్జీ పెట్టుకున్నాడు. చావుల విచారణకు తమకంటూ ఒక అధికారి కావాలని అడిగాడు. బాటసారులకు దారి చూపే బాధ్యత అప్పట్లో మఠాలదే. కెంట్ వైపు కార్ట్‌మెల్ మఠం, లెవెన్ వైపు కానిష్‌హెడ్ మఠం మనుషులను పెట్టేవి.

ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దు చేశాక ఆ బాధ్యత లాంకాస్టర్ డచీకి, అంటే రాచ ఎస్టేటుకు వచ్చింది. 1548లో థామస్ హోజెసన్ అనే అతన్ని అధికారిక గైడుగా నియమించారు. గైడును ‘కార్టర్’ అనేవాళ్ళు. కెంట్స్ బ్యాంక్‌లో గైడుకు ఇల్లు, కొంచెం భూమి ఇచ్చారు.  మన కాలంలో కూడా జీతం నామమాత్రమే, ఏడాదికి 15 పౌండ్లు.

పద్దెనిమిదో శతాబ్దంలో ఈ దారికి ఇంకో ఆకర్షణ తోడైంది. మతబోధకుడు జాన్ వెస్లీ 1759లో ఇటు ప్రయాణించి, కొత్తవాళ్ళెవరూ ఈ దారిన రావద్దని రాసుకున్నాడు. ఇరవై ఏళ్ళయినా గడవకముందే, 1778లో, థామస్ వెస్ట్ లేక్ డిస్ట్రిక్ట్ అనే సరోవర ప్రాంతం మీద యాత్రికులకు చేతిపుస్తకం రాస్తూ ప్రయాణాన్ని ఈ ఇసుక దాటడంతోనే మొదలుపెట్టాడు. 1781 నుంచి లాంకాస్టర్, అల్వర్‌స్టన్‌ల మధ్య గుర్రపు కోచ్ బళ్ళు నడిచాయి. 1794లో కవి వర్డ్స్‌వర్త్ తన చిన్ననాటి గురువు సమాధి చూసుకుని లెవెన్ ఇసుక దాటుతుండగా, ఎదురైన బాటసారి చెబితే ఫ్రాన్సులో విప్లవ నాయకుడు రోబెస్పియర్ చనిపోయిన సంగతి తెలిసింది. చిత్రకారుడు టర్నర్ వానలో ఇసుక దాటుతున్న కోచ్‌ను, దాని వెంట తడిసిపోతూ నడుస్తున్న జనాన్ని గీశాడు. అవసరం కోసం భయపడుతూ దాటిన దారిని సరదా కోసం, అందం కోసం దాటడం ఆ రోజుల్లోనే మొదలైంది. మరోపక్క కార్ట్‌మెల్ చర్చి ఖనన పుస్తకంలో ఇసుకలో పోయినవాళ్ళ పేర్లు చేరుతూనే ఉన్నాయి.

1857లో రైలు వచ్చింది. కోచ్‌లు ఆగిపోయాయి. గైడు అవసరం అంతటితో తీరిపోవాల్సింది. తీరకపోవడానికి కారణం అక్కడి ఫ్లూక్‌బర్గ్ అనే ఊరి జాలర్లు. వాళ్ళ బతుకు ఇసుక మీదే. చిట్టి రొయ్యలకూ బల్లచేపలకూ గుర్రపు బళ్ళ మీద వెళ్ళేవాళ్ళు, తరవాత ట్రాక్టర్లు వచ్చాయి. కాకిల్ అనే గుల్లలు ఏరడానికి వాళ్ళకు ‘జంబో’ అనే పనిముట్టు ఉంది. వెడల్పాటి చెక్క పలక, దాని మీద నిలువుగా రెండు పిడులు. పిడులు పట్టుకుని పలకను ఇసుక మీద ముందుకూ వెనక్కూ ఊపుతారు. కాసేపటికి అడుగున ఉన్న నీరు పైకి ఉబికి ఇసుక మెత్తబడుతుంది. లోపల దాగిన గుల్లలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. వాటిని మూడు పళ్ళ కొంకితో చకచకా ఏరి బుట్టలో వేసుకుంటారు. ఆలోచిస్తే ఇది చిన్న ఎత్తున ఊబిని తయారు చేయడమే. కదిలిస్తే ఇసుక నీరవుతుందని ప్రయోగశాలలు చెప్పకముందే గుల్లలు ఏరే జాలరి ఆడవాళ్ళ చేతులకు తెలుసు.

ఆ ఊరి జాలరి సెడ్రిక్ రాబిన్సన్ 1963లో గైడయ్యాడు. 2019 దాకా, 56 ఏళ్ళు ఆ పని చేశాడు. ఆయన హయాంలోనే ఇసుక దాటడం పెద్ద వేడుకయింది. ఆసుపత్రుల కోసం, అనాథల కోసం విరాళాలు పోగుచేసే సంఘాలు వేసవిలో వందలాది మందిని తీసుకొచ్చేవి. మొత్తం మీద 5 లక్షల మందిని దాటించి ఉంటాడని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. 1985లో అప్పటి రాణి భర్త ఫిలిప్ గుర్రపు బండి తోలుకుంటూ ఈయన చూపిన దారిలోనే దాటాడు. రాబిన్సన్ 2021లో కన్నుమూశాడు. ఇప్పుడు ఫ్లూక్‌బర్గ్‌కే చెందిన మైఖేల్ విల్సన్ గైడుగా ఉన్నాడు.

గైడు పని నడకకు ముందే మొదలవుతుంది. పాటు వేళ వెళ్ళి నది ఎక్కడ పారుతోందో, లోతు ఎంతో, అడుగు ఎలా ఉందో చూసుకుంటాడు. దారి పొడవునా లారెల్ కొమ్మలు నాటుతాడు. వాటిని ‘బ్రాబ్’లంటారు. పోటు వచ్చి పోయినా లారెల్ ఆకు రాలదు కాబట్టి దూరానికి కనిపిస్తుంది. నేను నడిచినప్పుడు కెంట్ నది ఒడ్డున గైడు ఈల వేసి అందరినీ ఆపాడు. ఒకరి వెనక ఒకరుగా వద్దని, చేతులు చాచినంత వెడల్పుగా వరసలో నిలబడి ఒక్కసారే దిగమని చెప్పాడు. వందల కాళ్ళు ఒకేచోట తొక్కితే అక్కడి ఇసుక అదిరి ఊబిగా మారుతుంది. తొడల లోతు నీళ్ళలో, పాదాల కింద ఇసుక జారిపోతుండగా అవతలి గట్టుకు చేరాం.

గట్టు దాటాక ఒకచోట గైడు కర్రతో నేలను తట్టాడు. నేల మీగడ కట్టిన పెరుగులా వణికింది. పిల్లలు దాని మీద గెంతారు. గెంతిన కొద్దీ చుట్టూ అలలు పుట్టాయి. కొంతమంది కావాలనే నిలబడి మోకాళ్ళ దాకా దిగబడి, కేరింతలు కొడుతూ బయటికి వచ్చారు. ఇలా దిగబడటం కోసమే ఊళ్ళు దాటి వచ్చేవాళ్ళున్నారు. ఆ సరదా నాకు అర్థమైంది. కాలి కింద నేల ఉందన్న నమ్మకం క్షణం పాటు తప్పి, మళ్ళీ దొరకడంలో ఒక ఆనందం ఉంది. ఆ క్షణం మాకు దొరికింది పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషి వల్లే.

సినిమాల్లో ఊబి మనిషిని తల దాకా మింగుతుంది. నిజం అది కాదు. ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రవేత్తలు ఇరాన్‌లోని ఉప్పు సరస్సు దగ్గరి ఇసుకను పరీక్షించి 2005లో ‘నేచర్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. ఊబి సాంద్రత మనిషి సాంద్రతకు దాదాపు రెట్టింపు. కాబట్టి మనిషి నడుము దాకా దిగి ఆగిపోతాడు. అయితే కదిలిన ఇసుక అడుగున పేరుకుని పాదాన్ని బిగించేస్తుంది. దాన్ని సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున పైకి లాగాలన్నా ఓ మోస్తరు కారును ఎత్తేంత బలం కావాలి. వెనక్కి వాలి, కాలిని మెల్లగా ఆడిస్తూ చుట్టూ నీరు దిగనిస్తే పట్టు వదులుతుంది. దానికి సమయం పడుతుంది. మోర్కమ్ బేలో లేనిది ఆ సమయమే. ఇరుక్కున్న మనిషి మీదికి పోటు వస్తుంది. అందుకే మోర్కమ్‌లో 2002 నుంచి రక్షణకు హోవర్‌క్రాఫ్ట్ ఉంచారు.

2004 ఫిబ్రవరి 5 రాత్రి ఇదే అఖాతంలో గుల్లలు ఏరడానికి దింపిన చైనా కూలీల్లో కనీసం 21 మంది పోటులో చిక్కుకుని చనిపోయారు. చీకట్లో, చలిలో, భాష రాని దేశంలో వాళ్ళను దింపినవాళ్ళు పోటు లెక్క చూడలేదు. ఆ ఏడాదే ముఠా మేస్త్రీలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ బ్రిటన్ చట్టం తెచ్చింది. చనిపోయిన ఆ కూలీలూ మా నాన్నలాగా నీటి మీద బతకడానికి వచ్చినవాళ్ళే. జాడ తెలిసినవాళ్ళు తోడుంటే బతికేవాళ్ళు.

ఊబి వెతుక్కుంటూ వెళ్ళడం తప్పని నేను అనను. ఇసుక వణికే చోటు నిజంగా చూడదగ్గది. అయితే ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్ళు గానీ, చూడటానికి వచ్చినవాళ్ళు గానీ ఫోన్‌లో పటం చూసుకుని సొంతంగా ఆ ఇసుకలోకి దిగొద్దు. వేసవిలో గైడు నడకలు ఉంటాయి, పేరు ఇచ్చి వెళ్ళండి. మన దివిసీమలోనైనా, కోరంగి మడ అడవుల్లోనైనా అక్కడి జాలరి ముందు నడిచాకే కాలు పెట్టండి. ఆ జాలరికి ఇవ్వాల్సిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.