మానవసహిత పునర్వినియోగ అంతరిక్షనౌకల అవతరణ స్థలాలు: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
అంతరిక్షనౌక ఎక్కడ దిగాలన్నది ప్రయాణం చివర తలెత్తే ప్రశ్నగా కనిపిస్తుంది. స్పేస్ షటిల్ చరిత్రలో మాత్రం నౌక రూపకల్పనకు ముందే ఆ ప్రశ్న తలెత్తి, దాని రెక్కల ఆకృతిని ప్రభావితం చేసింది. 1981 నుండి 2011 వరకు షటిల్ దిగిన స్థలాలను, అనంతర కాలపు డ్రాగన్ నౌక సముద్రావతరణలను పరిశీలించి, అవతరణ స్థలానికీ పునర్వినియోగానికీ గల సంబంధాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: స్పేస్ షటిల్, డ్రాగన్, అవతరణ స్థలం, త్రికోణాకార రెక్క, రన్‌వే, పునర్వినియోగం.

1. ఉపోద్ఘాతం:
మెర్క్యురీ, జెమిని, అపోలో నౌకలు వ్యోమగాములతో పారాచూట్ల సాయంతో సముద్రంలో దిగేవి. వారిని ఒడ్డుకు చేర్చడానికి నౌకాదళం ఓడలను మోహరించవలసి వచ్చేది. మళ్ళీ మళ్ళీ ఎగరవలసిన నౌకను విమానం వలె రన్‌వేపై దించాలన్న ఆలోచన 1960ల చివరినాటికి నాసాలో బలపడింది. షటిల్‌కు పునాది ఈ ఆలోచనే.

2. రెక్కను మార్చిన అవసరం:
నాసా ఇంజనీరు మాక్స్ ఫాజే చిన్నవైన తిన్నని రెక్కలు గల నౌకను ప్రతిపాదించాడు. అమెరికా వైమానిక దళం అవసరం వేరు. కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుండి ధ్రువకక్ష్యలోకి వెళ్ళి, ఒక్క ప్రదక్షిణతో అక్కడికే తిరిగి రాగల నౌక దానికి కావాలి. ప్రదక్షిణకు సుమారు 90 నిమిషాలు పడుతుంది. ఆలోగా భూభ్రమణం వల్ల ఆ స్థావరం దాదాపు 2,000 కిలోమీటర్లు తూర్పుకు జరుగుతుంది. అంటే నౌక తన దారి నుండి అంత దూరం పక్కకు జారుతూ రాగలగాలి. తిన్నని రెక్కలకు అది సాధ్యం కాదు. వైమానిక దళం మద్దతు లేనిదే పథకానికి ఆమోదం దొరకడం కష్టమైన పరిస్థితిలో నాసా త్రికోణాకార రెక్కను స్వీకరించింది. 1972 జనవరి 5న అధ్యక్షుడు నిక్సన్ పథకాన్ని ప్రకటించాడు. 1986లో ఛాలెంజర్ ప్రమాదం తరువాత వాండెన్‌బర్గ్ ప్రయోగాల ఆలోచన విరమించారు. ఏ అవతరణను దృష్టిలో ఉంచుకొని ఆ రెక్కను కోరారో, ఆ అవతరణ ఒక్కసారీ జరగలేదు.

3. ఎండిన సరస్సు నుండి రన్‌వేకు:
భూమిని చేరే దశలో షటిల్ ఇంజన్ల శక్తి లేని గ్లైడర్. తప్పిన రన్‌వే కోసం మరోమారు పైకి లేచే అవకాశం దానికి లేదు. అందుకే తొలి యాత్ర ముగింపుకు ఎడ్వర్డ్స్ స్థావరంలోని రోజర్స్ ఎండిన సరస్సును ఎంచుకున్నారు. వానకాలపు నీరు, గాలి కలిసి ఏటా చదును చేసే ఆ విశాలమైన నేలపై, 1981 ఏప్రిల్ 14న జాన్ యంగ్, రాబర్ట్ క్రిప్పెన్ కొలంబియాను దించారు. 1982 మార్చిలో ఆ సరస్సు వాననీటితో తడిసిపోవడంతో మూడవ యాత్రను న్యూ మెక్సికోలోని వైట్ సాండ్స్‌కు మళ్ళించారు. అక్కడి జిప్సం ధూళి నౌకలోకి చేరింది. షటిల్ మరెన్నడూ అక్కడ దిగలేదు.

ఎడ్వర్డ్స్‌లో దిగిన నౌకను బోయింగ్ 747 వీపుపై ఫ్లోరిడాకు మోసుకుపోవాలి. దీనివల్ల కాలమూ ధనమూ ఖర్చయ్యేవి. కెన్నెడీ కేంద్రంలోని 4,572 మీటర్ల రన్‌వేపై 1984 ఫిబ్రవరి 11న ఛాలెంజర్ దిగడంతో, ప్రయోగించిన చోటికే తిరిగిరావడం మొదటిసారి సాధ్యమైంది. 1985 ఏప్రిల్‌లో డిస్కవరీ టైరు అక్కడే పగిలింది. తరువాతి అవతరణలన్నీ 1990 నవంబరు వరకు ఇతర రన్‌వేలకు, అంటే ఎడ్వర్డ్స్‌కే పరిమితమయ్యాయి. 1992 నుండి వేగాన్ని తగ్గించే పారాచూట్‌ను అమర్చారు. మొత్తం 133 అవతరణలలో కెన్నెడీ 78, ఎడ్వర్డ్స్ 54, వైట్ సాండ్స్ 1.

4. రెక్క చెల్లించిన మూల్యం:
దిగే చోటును ఎంచుకొనే స్వేచ్ఛనిచ్చిన రెక్కే, తిరుగుప్రయాణపు వేడి నుండి కాపాడుకోవలసిన పెద్ద భాగం కూడా. 2003లో కొలంబియా పైకి లేచేటప్పుడు, ఇంధనపు ట్యాంకు నుండి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్క అంచును ఛేదించింది. ఫిబ్రవరి 1న కెన్నెడీ రన్‌వేను చేరడానికి 16 నిమిషాల ముందు నౌక టెక్సాస్ గగనతలంలో ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు.

5. మళ్ళీ సముద్రానికి:
డ్రాగన్ నౌకకు రెక్కలు లేవు. ఇంజన్ల బలంతో నేలపై దించాలన్న తొలి ప్రణాళికను స్పేస్‌ఎక్స్ 2017లో విరమించుకొంది. 2020 ఆగస్టు 2న తొలిసారి వ్యోమగాములతో డ్రాగన్ పెన్సకోలా సమీప సముద్రంలో దిగింది. తండ్రి వైపు నుండి హైదరాబాదు మూలాలున్న రాజా చారి నాయకత్వంలోని ఎండ్యూరెన్స్ 2022 మే 6న ఫ్లోరిడా తీరాన దిగి, తరువాత మళ్ళీ యాత్రలకు వెళ్ళింది. ఉప్పునీటిలో దిగినా పునర్వినియోగం సాధ్యమేనని ఇది రుజువు చేసింది. అయితే నౌక విడిచే వెనుకభాగపు శకలాలు జనావాసాల సమీపంలో పడిన ఘటనల కారణంగా, 2025 నుండి అవతరణలను పసిఫిక్ తీరానికి మార్చారు. ఇప్పుడు దిగేవారితో పాటు కింద ఉన్నవారి భద్రత కూడా స్థలనిర్ణయంలో భాగమైంది.

6. ముగింపు:
• అవతరణ స్థలం నౌకానిర్మాణానికి ఫలితం కాదు, దాని కారణాలలో ఒకటి.
• రన్‌వే షటిల్‌కు అవతరణలో కచ్చితత్వాన్నిచ్చింది. దానికి ప్రతిగా రెక్కల బరువును, ఉష్ణకవచ భారాన్ని నౌక మోయవలసి వచ్చింది.
• పునర్వినియోగానికి రన్‌వే తప్పనిసరి కాదని డ్రాగన్ చూపింది. దిగే చోటును వదులుకోవడం కాకుండా, సరైన చోటును ఎంచుకోవడమే నేటికీ ప్రధాన సమస్య.