అఛీపూరు నుండి టాంగ్రా వఱకు

కలకత్తాలో లాల్‌బజారు చెంతనున్న టిరెట్టా బజారున, ఆదివారము తెల్లవాఱుజామున నగరమింకను మేల్కొనకముందే ఆవిరి లేచును. మూసిన దుకాణముల మెట్లయెదుట బల్లలు వేసికొని, ఒకదానిపైనొకటి పేర్చిన అల్యూమినియపు పాత్రల మూతలెత్తుచు, చీనా వృద్ధురాండ్రు మాంసపు పూర్ణముగల తెల్లని ఉండలను, చేపముద్దలు తేలు వేడి పులుసును అమ్ముచుందురు. మూత తీయగానే ఎగయు ఆవిరి చవితినాటి కుడుముల కుండను స్మరింపజేయును. మఱుక్షణమున అల్లపు ఘాటు సోకి ఆ భ్రాంతి తీఱును. ఎనిమిది దాటునప్పటికి సంత పలుచబడును.

ఈ నగరవాసినైన తెలుగువాడను. చిరకాలము ఆ బల్లలచుట్టు తిరిగిన పిదప నాకు తెలిసినదేమనగా, చీనావారిచటికి వంటవారై వచ్చినవారు కారు. 18వ శతాబ్దపు ఉత్తరార్ధమున తాంగ్ అచ్యూ అను వర్తకుడు, వారన్ హేస్టింగ్సు అనుగ్రహమున బజ్‌బజ్ సమీపమున హుగ్లీతీరభూమిని పొంది, చెఱకు నాటి, పంచదార మిల్లు నెలకొల్పి, స్వదేశీయులను కూలికి రప్పించెను. ఆ యూరు ఆతని పేర అఛీపూరు అయినది. నూతనసంవత్సర దినములలో చీనా కుటుంబములవారు నేటికిని ఆతని ఎఱ్ఱని సమాధికడ ధూపము వేయుదురు. పిమ్మట వచ్చినవారిలో కాంటనువారు వడ్రంగమును, హుపేవారు దంతవైద్యమును, హక్కా తెగవారు తోళ్ల పరిశ్రమను, చెప్పుల వర్తకమును చేపట్టిరి. వంట వారికి ఇంటిపనియే. అది వృత్తియై వీథికెక్కుట తరువాతి మాట.

నగరపు తూర్పు అంచునగల టాంగ్రాలో తోళ్లు ఊనిన హక్కాలే క్రమముగ పొయ్యిలు పెట్టి, ఈ దేశపు నాలుకనెఱిగి, సోయారసమునకు పచ్చిమిరపను, వెల్లుల్లిని జోడించి, మొక్కజొన్నపిండితో పులుసును చిక్కజేసిరి. 1996లో సుప్రీంకోర్టు ఆ తోళ్ల కర్మాగారములను బంతల అను చోటికి తరలింపుమని ఆజ్ఞాపించినపుడు, పెక్కు తోళ్లశాలలు భోజనశాలలైనవి. ఈ నగరముననే జన్మించిన నెల్సన్ వాంగ్ అను చీనా సంతతి వంటవాడు 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బున, అల్లము, వెల్లుల్లి, పచ్చిమిరపలలో గరం మసాలాకు మాఱుగా సోయారసము పోసి చికెన్ మంచూరియన్ చేసెనని ఆయనయే చెప్పియున్నాడు. మన యూళ్ల బండ్లపై సాయంకాలమున వేగు గోబీ మంచూరియాకు మూలపురుషుడు ఆ వంటకమే. మంచూరియాలో దానినెవ్వరు నెఱుగరు.

ఇంత రుచి యిచ్చినవారికి మనమేమిచ్చితిమి? 1962 నాటి భారత-చీనా యుద్ధకాలమున చీనా సంతతివారిని వేలకొలదిగా రాజస్థానమందలి దేవ్‌లీ శిబిరమున నిర్బంధించిరి. పిదప ననేక కుటుంబములు కెనడాకు వలసపోయి, అచటను ఈ కలకత్తా రుచినే హక్కా భోజనమని వడ్డించుచున్నవి. ఇచట నిలిచినవారి సంఖ్య నానాటికి తగ్గుచున్నది.

కనుక కలకత్తా వచ్చు తెలుగువారు కాళీఘాటు దర్శించినపిదప, ఒక ఆదివారము టిరెట్టా బజారుకును రండు. ఎనిమిదికి ముందే రండు.