ఓలి నుంచి కట్నం దాకా: మా ఇంటి పెళ్లిళ్ల చరిత్ర

ఈసారి పత్రికకు చరిత్ర వ్యాసం రాయమని మా సోషల్ టీచర్ చెప్పినప్పుడు, తరగతిలో సగం మంది డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పేరు రాసిచ్చారు. ఆయన మా తిరుత్తణిలో పుట్టినవారు కాబట్టి రాయడం సులువు. నేనూ అదే రాద్దామనుకున్నాను. కానీ ఆ వారమే మా అక్కను చూడ్డానికి పెళ్లివారు వచ్చారు. ఆ తర్వాత నాలుగు రోజులు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. దాంతో నా వ్యాసం దారి మారిపోయింది.

పిల్లవాడి తరపువాళ్లు పుత్తూరు వైపు నుంచి వచ్చారు. మాలాగే క్రైస్తవులు. వచ్చీరాగానే ప్రార్థన చేసినారు. కాఫీ తాగినారు. పిల్ల నచ్చిందన్నారు. లేవబోయే ముందు వాళ్ల పెద్దాయన, "పది సవర్లు, ఒక బండి. మేం అడిగినట్టు కాదు, మీ బిడ్డకే గదా పెట్టుకుంటారు" అన్నాడు. మా నాయన తల ఊపినాడు. మాకుండేది అర ఎకరా చెరుకు భూమి. అది కుదువ పెడితే సరిపోతుందా లేదా అని ఆ రాత్రి అమ్మా నాయనా మెల్లగా లెక్క వేసుకుంటా ఉంటే నేను దుప్పటి కింద నుంచి విన్నాను. అక్క కూడా వినే ఉంటుంది.

మరుసటి రోజు మా అవ్వ ఒక మాట అన్నది. "మా యమ్మకు ఓలి ఇచ్చి తెచ్చుకున్నారురా. ఇప్పుడు మనమే ఎదురివ్వాల్నా? ఇది ఎప్పుడు తిరగబడిందో నాకు తెలీదు."

ఓలి అనే మాట నేను వినడం అదే మొదలు. మీలో చాలామంది కూడా విని ఉండరు. పాతకాలంలో కష్టం చేసుకుని బతికే తెలుగు కులాల్లో పెళ్లికొడుకు తరపువాళ్లే పెళ్లికూతురు తండ్రికి డబ్బు ఇచ్చేవాళ్లు. దాన్ని ఓలి అంటారు. కూతురు పొలంలో నాట్లు వేసేది, కలుపు తీసేది, కోతకు పోయేది. ఆ పిల్ల వెళ్లిపోతే పుట్టింటికి రెండు చేతులు తగ్గుతాయి కాబట్టి ఆ నష్టానికి ఓలి. కట్నం అనేది అప్పట్లో పై కులాల్లో, ఆస్తిపరుల్లో ఎక్కువగా ఉండేది. చదువులు, ఉద్యోగాలు వచ్చే కొద్దీ అది కిందికి పాకింది. పిల్లవాడికి ఉద్యోగం ఉంటే ఒక రేటు, ప్రభుత్వ ఉద్యోగమైతే ఇంకో రేటు. ఓలి మంచిదని నేను అనడం లేదు. ఆడపిల్లకు ధర కట్టడం అదీ ఇదీ రెండూ ఒకటే. కానీ కట్నం ఆదికాలం నుంచీ మన ఆచారం అని చెప్పేవాళ్లకు మా అవ్వ దగ్గర మంచి జవాబు ఉంది.

బైబిల్లో చూద్దామని నేను, అక్క కూర్చున్నాం. ఆదికాండములో యాకోబు రాహేలు కోసం ఏడేళ్లు మామ దగ్గర గొర్రెలు కాశాడు. మోసపోయి మళ్లీ ఏడేళ్లు కాశాడు. రిబ్కాను అడగడానికి వెళ్లిన అబ్రాహాము సేవకుడు వెండి బంగారు నగలు తీసుకెళ్లి అమ్మాయి ఇంటికి ఇచ్చాడు. వెళ్తావా అని రిబ్కానే పిలిచి అడిగారు, ఆమె వెళ్తానన్నది. అవ్వ ఇదంతా విని, "యాకోబు బండి అడగలేదన్నమాట" అని నవ్వింది. నాలుగు రోజుల్లో మా ఇంట్లో అదే మొదటి నవ్వు.

అయితే మా పాస్టరయ్య ఇంకో సంగతి గుర్తుచేశారు. కాలేబు తన కూతురు అక్సాకు భూమి ఇచ్చాడు, ఆమె నీటి మడుగులు కూడా అడిగి తీసుకుంది. మరి అది కట్నం కాదా అని ఆయన మమ్మల్నే అడిగారు. అక్క కాసేపు ఆలోచించి, "అక్సా తన కోసం తనే అడుక్కుంది అయ్యగారూ, అల్లుడి తరపు పెద్దాయన వచ్చి అడగలేదు" అన్నది. ఈ తేడా నాకు తర్వాత చాలా పనికొచ్చింది.

ఇక చరిత్రకు వస్తాను. తెలుగు దేశంలో క్రైస్తవ కుటుంబం అనేది ఎలా మొదలైందని వెతికితే ఒంగోలు పేరు ముందు వస్తుంది. అక్కడ యెర్రగుంట్ల పేరయ్య అనే తోలు పని చేసే ఆయన ఉండేవాడు. ఆయన ఒక్కడే మతం మారలేదు. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మ ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. అదే ఏడాది క్లౌ దొరగారు ఒంగోలుకు వచ్చారు. పన్నెండేళ్ల తర్వాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందారు. పుస్తకాల్లో ఈ 2222 అంకెనే పెద్దగా చెప్తారు. నాకు మాత్రం మొదటి ఇద్దరే ముఖ్యమనిపించింది. నాగమ్మ కూడా వచ్చింది కాబట్టి అది ఒక మనిషి నమ్మకం కాకుండా ఒక ఇల్లు అయింది.

అందరికీ అట్లా జరగలేదు. భర్త క్రైస్తవుడైతే భార్యను పుట్టింటివాళ్లు పంపేవాళ్లు కారు. భార్య మారితే భర్త వదిలేసేవాడు. చిన్నప్పుడే పెళ్లిళ్లు అయిపోయేవి కాబట్టి ఈ చిక్కు ఇంకా ఎక్కువ. దీనికోసం 1866లోనే ప్రభుత్వం ఒక చట్టం చేసింది. మతం మారిన కారణంగా భార్యో భర్తో ఆరు నెలలు వదిలేస్తే, మారిన వాళ్లు కోర్టుకు పోయే వీలుండేది. కానీ కోర్టు వెంటనే పెళ్లి రద్దు చేసేది కాదు. వదిలేసిన మనిషిని పిలిచి అడిగేది. రానంటే, మనసు మార్చుకోడానికి ఒక సంవత్సరం గడువు ఇచ్చేది. ఆ సంవత్సరం ఇద్దరూ ఎట్లా గడిపేవాళ్లో అని నేను అనుకుంటూ ఉంటాను. చట్టంలో అది ఒక్క వాక్యం.

ఆ తర్వాత 1872లో వచ్చింది భారత క్రైస్తవ వివాహ చట్టం. ఇప్పటికీ మన చర్చిల్లో పెళ్లిళ్లు దీని ప్రకారమే జరుగుతున్నాయి. పెళ్లి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపల జరగాలన్న నియమం అందులోదే. ఇద్దరు సాక్షులు ఉండాలి, రిజిస్టరులో సంతకాలు పెట్టాలి. మొదట దేశీయ క్రైస్తవులకు ఈ చట్టంలో పెట్టిన వయసు అబ్బాయికి 16, అమ్మాయికి 13. ఇప్పుడు వింటే భయం వేస్తుంది. ఆ కాలంలో మాత్రం 13 అంటే చాలా ముందుకు పోయినట్టే లెక్క. నేను రాయకుండా వదిలేసిన రాధాకృష్ణన్ గారినే చూడండి. తిరుపతిలో లూథరన్ మిషన్ బడిలో చదివి, పైచదువులు చదువుకుంటున్న అంత గొప్ప మనిషికి కూడా 1903లోనే పెళ్లయిపోయింది. అప్పుడు ఆయన నా వయసుకు అటూ ఇటూ ఉంటారు. వధువు ఇంకా చిన్నపిల్ల. 1978లో మారిన తర్వాతే అబ్బాయికి 21, అమ్మాయికి 18 అయింది.

మా అవ్వ పెళ్లి ఈ రెండు కాలాలకూ మధ్యలో జరిగింది. అవ్వ చిన్నప్పుడు ఈ తాలూకా చిత్తూరు జిల్లాలో ఉండేది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. "మేం ఏడికీ పోలేదు, జిల్లానే పోయింది" అంటుంది అవ్వ. ఆమె తెలుగులో అయిదో తరగతి వరకు చదివింది. పదహారో ఏట పెళ్లి. అప్పటి చట్టంలో అమ్మాయికి 15 దాటితే చాలు కాబట్టి అది తప్పు కాలేదు. మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదివారట. ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని అడుగుతారు కదా, ఆ ప్రకటన. ఆ మూడు వారాలూ అవ్వ వెనక వరుసలో తల వంచుకుని కూర్చుందట. ఓలి అప్పటికే ఆగిపోయింది. కట్నం ఇంకా రాలేదు. తాత ఒక చీర, చిన్న సిలువ ఉన్న తాళి తెచ్చాడు, అంతే. మా అమ్మ పెళ్లి నాటికి మూడు సవర్లు అయింది. ఇప్పుడు అక్క దగ్గరికి వచ్చేసరికి పది. ఇవన్నీ ఒకే ఇంట్లో, ఒకే మతంలో, ఒకే బైబిల్ చదువుతూ జరిగినవే.

కట్నం వద్దన్నవాళ్లు క్రైస్తవుల్లో లేరా అంటే ఉన్నారు. మా పాస్టరయ్య ఇచ్చిన పుస్తకంలో దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి గురించి చదివాను. ఆయన తమిళులు. 1874లో తిరునెల్వేలి దగ్గర వెళ్లాళన్‌విళైలో పుట్టారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని పెళ్లి చేసుకున్నారు. ఆ రోజుల్లో దక్షిణ దేశంలో కాలేజీ మెట్లెక్కిన మొదటి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. ఇద్దరూ కట్నం వద్దనుకుని, ఆర్భాటం లేకుండా పెళ్లి చేసుకున్నారు. 1909లో ఆ దంపతులు నైజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్య గారు బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే.

నాకు నచ్చింది పదవి కాదు. దోర్నకల్‌లో పల్లెలకు పంపే ఉపదేశకులకు శిక్షణ ఇచ్చేటప్పుడు పెళ్లయినవాళ్లు కుటుంబంతోనే అక్కడ ఉండేవాళ్లు. భార్యలకు కూడా చదువు చెప్పేవాళ్లు. మరియమ్మాళ్ గారు స్త్రీల మధ్య పనిచేసేవారు. పల్లెలో జనం ప్రసంగం కన్నా ముందు ఉపదేశకుడి ఇల్లే చూస్తారు కదా. భార్యను కొడతాడా, తాగుతాడా, పిల్లలను బడికి పంపుతాడా, ఇవే చూస్తారు. ఇది మా వీధిలో కూడా అంతే. కొత్త నిబంధనలో అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు ఉన్నారు. డేరాలు కుట్టుకుని బతికేవాళ్లు. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా నుంచి వెళ్లగొడితే కొరింథుకు వచ్చారు. పౌలుకు తమ ఇంట్లో చోటిచ్చారు. వాళ్ల గురించి చెప్పేచోట చాలాసార్లు భార్య పేరే ముందు వస్తుంది. మా పక్క పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పంలో భార్యాభర్తలు ఒకే మగ్గం దగ్గర పనిచేయడం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

ఇంకొక కథ చెప్పాలి, ఇది కోర్టు కథ. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండిన బళ్లారిలో మాథ్యూ అబ్రహాం అనే క్రైస్తవుడు వ్యాపారం చేసి బాగా సంపాదించాడు. 1842లో వీలునామా రాయకుండా చనిపోయాడు. భార్య షార్లెట్. తమ్ముడు ఫ్రాన్సిస్ వచ్చి, మాది హిందూ ఉమ్మడి కుటుంబం లాంటిదే, ఆస్తిలో నాకు భాగం ఉంది అన్నాడు. ఆ గొడవ బళ్లారి కోర్టు నుంచి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1863లో తీర్పు వచ్చింది. మతం మారినవాళ్లు పాత ఆచారం ఉంచుకోవచ్చు, వదులుకోనూవచ్చు, వాళ్లు ఎట్లా బతికారన్నదే చూడాలి, ఇది ఉమ్మడి ఆస్తి కాదు అని చెప్పారు. ఆ తర్వాత 1865లో వారసత్వ చట్టం వచ్చింది. ఇప్పుడున్నది 1925 నాటిది. దాని ప్రకారం తండ్రి వీలునామా రాయకుండా పోతే కూతురికీ కొడుక్కీ సమాన వాటా. ఇది చదివి నేను నాయన దగ్గరికి పరుగెత్తాను. "నాయనా, అర ఎకరాలో అక్కకు కూడా భాగం ఉంది. అది కుదువ పెట్టి అక్క పెళ్లే చేస్తే, అక్క భాగంతో అక్కనే కొన్నట్టు కాదా?" నాయన నన్ను తిట్టలేదు. "నువ్వు బాగా చదువుకో" అన్నాడు. దాని అర్థం నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియలేదు.

1961 నుంచి కట్నం ఇచ్చినా తీసుకున్నా నేరమే, అన్ని మతాలకూ. ఈ సంగతి మా ఇంటికి వచ్చిన పెద్దాయనకు కూడా తెలిసే ఉంటుంది. అందుకే "అడిగినట్టు కాదు" అన్నాడు.

ఆ ఆదివారం రాత్రి కుటుంబ ప్రార్థనలో నేను అజరయ్య గారి పెళ్లి సంగతి చదివి వినిపించాను. ఎవరూ ఏమీ అనలేదు. ప్రార్థన అయ్యాక అక్క, "నేను ఆ అబ్బాయితో ఒకసారి మాట్లాడాలి నాయనా" అన్నది. మా ఇంట్లో అట్లా ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అమ్మ నాయన ముఖం చూసింది, నాయన అవ్వ ముఖం చూసినాడు. అవ్వ "రిబ్కాను అడిగినారంట గదరా" అన్నది.

రెండు వారాలు కబురు లేదు. సంబంధం తప్పిపోయిందని అమ్మ ఏడ్చింది. నా వల్లే అని కూడా ఒకసారి అనేసింది. నాకు రెండు రోజులు బడికి పోబుద్ధి కాలేదు. తర్వాత ఒక శనివారం ఆ అబ్బాయి తన అమ్మను తీసుకుని బస్సులో వచ్చాడు. పెద్దాయన రాలేదు. బండి వద్దన్నారు. బంగారం మాట మాత్రం పూర్తిగా పోలేదు. "మూడు సవర్లైనా లేకుంటే మా వాళ్లలో మాట వస్తుందమ్మా" అని ఆవిడ కళ్లు దించుకుని చెప్పింది. అక్క, ఏం పెట్టినా అది తన పేరు మీద, తన దగ్గరే ఉండాలన్నది. అబ్బాయి సరే అన్నాడు. నాయన భూమి కుదువ పెట్టలేదు. చిన్నాయన దగ్గర కొంత బదులు తీసుకున్నాడు. ఇది గెలుపో కాదో నాకు తెలియదు. అజరయ్య గారి పెళ్లిలా అయితే కాలేదు.

పోయిన ఆదివారం రెండో ప్రకటన చదివారు. అక్క వెనక వరుసలో కూర్చోలేదు, అవ్వ పక్కన మూడో వరుసలో కూర్చుంది. పాస్టరయ్య అభ్యంతరాలుంటే చెప్పమని అడిగినప్పుడు అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, నేను ఎక్కడ లేచి ఏదైనా అంటానో అని.