42లో 41

1977 మార్చిలో ఉత్తరాది అంతా ఒకవైపు నడిస్తే తెలుగువాళ్లు ఇంకోవైపు నడిచారు. ఉత్తరప్రదేశ్‌లోని 85 లోక్‌సభ స్థానాల్లో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. బీహార్‌లోని 54లోనూ అదే గతి. రాయబరేలీలో సాక్షాత్తూ ఇందిరాగాంధీ రాజ్‌నారాయణ్ చేతిలో ఓడిపోయారు. అదే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ తన 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా తరఫున గెలిచింది నీలం సంజీవరెడ్డి. ఆయన ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి, ఒకప్పటి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడు. కాంగ్రెస్‌ను కాదన్న ఒకే ఒక్క నియోజకవర్గం కూడా కాంగ్రెస్‌లో తలపండిన మనిషినే ఎన్నుకుంది!

నంద్యాలకు ఇలాంటివి రాసిపెట్టి ఉన్నట్టుంది. సంజీవరెడ్డి ఆ ఏడే లోక్‌సభ స్పీకరై, జూలైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. 1991లో ప్రధాని పి.వి. నరసింహారావు ఉపఎన్నికకు ఎంచుకున్నదీ నంద్యాలనే. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు. మెజారిటీ ఐదు లక్షలు దాటింది. ఆ పి.వి.నే 1984లో హన్మకొండ ఓడించింది. ఆ ఎన్నికల్లో భారతీయ జనతా పార్టీ దేశం మొత్తం మీద గెలిచిన రెండు సీట్లలో అదొకటి.

1977 ఫలితానికి తెలుగునాట రెండు వివరణలు ఎక్కువగా వినిపిస్తాయి. ఇందిరమ్మ మీద అభిమానం అనేది ఒకటి. ఎమర్జెన్సీ వేడి ఇక్కడికి తగల్లేదనేది రెండోది. రెండోదాన్ని ఒప్పుకోవడం కష్టం. 1975 జూలైలో గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థులను పోలీసులు కాల్చి చంపారు. అదే ఏడాది డిసెంబరు 1న నక్సలైట్ ఖైదీలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల భయం ఉత్తరాదిలో ఇంటింటికీ చేరింది. ఇక్కడి చావులు అడవుల్లో, జైలు గోడల వెనక జరిగాయి. పత్రికల మీద సెన్సారు ఉన్న రోజులవి. తాకకపోవడం వేరు, తెలియనివ్వకపోవడం వేరు.

ఇక అభిమానం మాట. అది నిజమే కానీ సగమే. మిగతా సగం కోసం 1955కు వెళ్లాలి. తెలుగు రాజకీయాల్లో అంత రసవత్తరమైన ఎన్నిక మరొకటి లేదు.

1952 నాటికి తెలుగునేల కాంగ్రెస్‌ది కాదు. మద్రాసు శాసనసభలోని 140 ఆంధ్ర స్థానాల్లో కమ్యూనిస్టులు 41 గెలిస్తే కాంగ్రెస్ 40 దగ్గర ఆగింది. అటు నల్లగొండలో కమ్యూనిస్టు నేత రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం వచ్చింది, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యారు. ఏడాది తిరిగేసరికి మద్యనిషేధం గొడవలో ఆయన ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు. దేశంలో బ్యాలెట్ పెట్టె ద్వారా అధికారంలోకి వచ్చే మొదటి కమ్యూనిస్టు ప్రభుత్వం కొత్త రాష్ట్ర రాజధాని కర్నూలులోనే ఏర్పడేలా ఉందని ఢిల్లీ బెంగ పెట్టుకుంది.

బొంబాయి నుంచి కాంగ్రెస్ నేత ఎస్.కె. పాటిల్ దిగారు. అప్పటిదాకా ఒకరి ముఖం ఒకరు చూసుకోని వాళ్లంతా ఒక్క పందిరి కిందికి చేరారు. కాంగ్రెస్, ఎన్.జి. రంగా కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశం ప్రజాపార్టీ కలిసి ఐక్య కాంగ్రెస్‌గా నిలిచాయి. కృష్ణా, గుంటూరు రైతుల్లో పట్టున్న రంగా రావడమే అసలు మలుపు. పైగా సరిగ్గా ప్రచారం ఊపందుకున్న వేళ మాస్కో నుంచి పిడుగు పడింది. సోవియట్ పార్టీ పత్రిక ప్రావ్దా నెహ్రూ ప్రభుత్వ విధానాలను మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ వాళ్లు దాన్ని తెలుగులో అచ్చేసి ఊరూరా పంచారు. మీ రష్యానే నెహ్రూను మెచ్చుకుంటుంటే మీకేం వచ్చిందని అడిగితే కమ్యూనిస్టు కార్యకర్త ఏం చెప్పగలడు?

ఫలితాల్లో కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లు వచ్చాయి. అంటే దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు వాళ్లకే వేశారు. 196 సీట్లలో దక్కినవి మాత్రం 15. కాంగ్రెస్ ఒక్కటే 119 గెలిచింది, మిత్రులతో కలిపితే దాని బలం ఇంకా పెద్దది. ఈ ఎన్నిక మీద అమెరికన్ పాత్రికేయుడు సెలిగ్ హారిసన్ మరుసటి ఏడాది రాసిన వ్యాసం కమ్మ, రెడ్డి పోటీలోనే మర్మమంతా చూసింది. ఆ చూపు పదునైనదే కానీ, భూమి దొరుకుతుందని ఎర్రజెండాకు ఓటేసిన వేలమంది కూలీలు అందులో కనిపించరు. మూడో వంతు ఓటర్ల గొంతు శాసనసభలో దాదాపు మూగబోయింది. ‘కాంగ్రెస్ కంచుకోట’ అనే పేరు ఆ లెక్కల మీదే నిలబడింది.

గెలవడం ఒక ఎత్తు, నిలుపుకోవడం ఇంకో ఎత్తు. 1959లో, రాజస్థాన్ వెంటనే, ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్‌ను తెచ్చింది. షాద్‌నగర్‌లో నెహ్రూ స్వయంగా ప్రారంభించారు. పంచాయతీ సమితి ప్రెసిడెంటంటే ఆనాడు చిన్న మాట కాదు. బడికి పంతులు కావాలన్నా, ఊరికి రోడ్డు కావాలన్నా, బావికి అప్పు కావాలన్నా ఆయన దగ్గరికే వెళ్లాలి. ఊళ్లో రెండు వర్గాలుంటే రెండూ కాంగ్రెస్సే. ఓడిన వర్గం పార్టీ మారేది కాదు, వచ్చే సమితి ఎన్నిక దాకా కాచుకునేది. భారతదేశంలో కాంగ్రెస్ ఎలా బతుకుతోందో తెలుసుకోవడానికి రాజనీతి శాస్త్రవేత్త మైరన్ వీనర్ ఎంచుకున్న ఐదు చోట్లలో గుంటూరు జిల్లా ఒకటి కావడం యాదృచ్ఛికం కాదు.

1964లో కమ్యూనిస్టు పార్టీ చీలింది. ఆ తర్వాత పోట్లాటలు కూడా కాంగ్రెస్ ఇంట్లోనే జరిగాయి. 1969లో జై తెలంగాణ, 1972లో జై ఆంధ్ర. రాష్ట్రం రగిలిపోయింది కానీ పార్టీ పోలేదు. తెలంగాణ ప్రజాసమితి 1971లో పది లోక్‌సభ సీట్లు గెలిచి, ఆ ఏడే కాంగ్రెస్‌లో కలిసిపోయింది.

అభిమానం అనే సగం అప్పుడే కలిసింది. గరీబీ హటావో నినాదం, 1973 భూపరిమితి చట్టం, ఇళ్ల స్థలాల పట్టాలు. భూస్వాములు చట్టాన్ని ఎన్ని దారుల్లో తప్పించుకున్నా, మాలపల్లె, మాదిగపల్లె చేతికందిన పట్టా కాగితం మీద ఇందిరమ్మ పేరే కనిపించింది. ఇలా పైన సమితి పెద్దలు, కింద పేదలు ఒకే గుర్తుకు ఓటేశారు. 1977లో కాంగ్రెస్‌కు 57 శాతం ఓట్లు. సుమారు 32 శాతం తెచ్చుకున్న జనతాకు ఒక్క సీటు. 1955లాగే మళ్లీ మూడో వంతు ఓటర్లు లెక్కల్లోంచి మాయమయ్యారు.

ఆ మరుసటి ఏడు మరీ చిత్రం. 1978 జనవరిలో ఇందిరను పార్టీ నుంచి వెళ్లగొట్టిన కాంగ్రెస్ అధ్యక్షుడు కాసు బ్రహ్మానందరెడ్డి, మన నరసరావుపేట ప్రాంతంవాడే. ఆమెకు కొత్త గుర్తు కావాల్సి వచ్చింది. రషీద్ కిద్వాయ్ రాసిన కథ ప్రకారం అప్పుడామె పి.వి.తో కలిసి విజయవాడలో ఉన్నారు. ఎన్నికల సంఘం ముందుంచిన ఏనుగు, సైకిలు, హస్తం గుర్తులను ఢిల్లీ నుంచి బూటాసింగ్ ఫోనులో చదివి వినిపించారు. లైను సరిగా లేక హాథ్ (చెయ్యి) అన్నది హాథీ (ఏనుగు)గా వినబడి ఆమె వద్దు వద్దంటుంటే, పి.వి. ఫోనందుకుని విషయం తేల్చారట. హస్తం ఖాయమైంది. నెల తిరగకుండా ఆ కొత్త గుర్తు ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 294కు 175 గెలిచింది. ఆనాడు కాదనుకున్న సైకిలెక్కి అయిదేళ్లకే ఎన్.టి. రామారావు ఆమె పార్టీని ఇదే రాష్ట్రంలో 60 సీట్లకు దించారు. 1978 సభలోనే చంద్రబాబునాయుడు ఇందిర కాంగ్రెస్ నుంచి, వై.ఎస్. రాజశేఖరరెడ్డి బ్రహ్మానందరెడ్డి వర్గమైన రెడ్డి కాంగ్రెస్ నుంచి, వెంకయ్యనాయుడు జనతా నుంచి తొలిసారి అడుగుపెట్టారు.

175 సీట్ల పార్టీ అయిదేళ్లలో అలా ఎందుకు కూలింది? ఢిల్లీ చేతులారా చేసుకున్నది. నలుగురు ముఖ్యమంత్రులు మారారు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. పేరు సీల్డు కవర్లో వచ్చేది. బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్‌గాంధీ అంజయ్యను అందరిముందు మందలించిన తీరు తెలుగువాళ్లు ఇప్పటికీ మరిచిపోలేదు. సమితిలో గెలిచి పైకొచ్చిన నాయకుడికి సొంత బలముంటుంది. కవర్లో వచ్చినవాడికి కవరే బలం. 1984లో ఇందిర హత్య తర్వాత దేశమంతా సానుభూతితో కాంగ్రెస్‌కు ఓటేస్తే ఇక్కడ తెలుగుదేశం 30 గెలిచి లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షమైంది. 1989లో దేశం కాంగ్రెస్‌ను దించితే ఆంధ్రప్రదేశ్ దానికి 39 ఇచ్చింది.

రామారావు 1980ల మధ్యలో సమితులను తీసేసి వెయ్యికి పైగా మండలాలు పెట్టారు. కచేరీ జనానికి దగ్గరైంది, అది గొప్ప మేలు. అయితే ముఖ్యమంత్రికి ఎదురుచెప్పగల స్థాయి ఉన్న గ్రామీణ పదవి దాంతోనే పోయింది. మండలాధ్యక్షుడికి ఆ విస్తీర్ణమూ లేదు, ఆ నిధులూ లేవు. ఏ పార్టీ వచ్చినా దాన్ని తిరిగి ఇవ్వలేదు. తెలుగు రాజకీయాలకు జరిగిన నష్టాల్లో ఇది చాలా పెద్దది, ఎవరూ పెద్దగా తలుచుకోనిదీ ఇదే.

ఇక ఆ కంచుకోట సంగతి. రాష్ట్ర విభజన నిర్ణయం తర్వాత 2014, 2019, 2024 మూడు ఎన్నికల్లోనూ ఆంధ్రప్రదేశ్ శాసనసభలో కాంగ్రెస్‌కు సున్నా. 2019లో నోటాకు పడినన్ని ఓట్లు కూడా దానికి పడలేదు. కాంగ్రెస్ పాత ఓట్లలో చాలా భాగం రాజశేఖరరెడ్డి కుమారుడి పార్టీకి వెళ్లాయి. తెలంగాణలో 2023లో 119కి 64 గెలిచి కాంగ్రెస్ తిరిగొచ్చింది. ముఖ్యమంత్రి అయిన రేవంత్‌రెడ్డి 2006లో పాలమూరు జిల్లా మిడ్జిల్ నుంచి స్వతంత్రుడిగా జడ్పీటీసీ గెలిచి రాజకీయాల్లోకి వచ్చినవారు. కాంగ్రెస్‌కు రాకముందు ఏళ్ల తరబడి తెలుగుదేశంలో పనిచేశారు.