మూడంకెల పరపతి

తెలుగులో 'పరపతి' అని చక్కటి మాట ఒకటుంది. పలుకుబడికీ అదే మాట, అప్పు పుట్టే అర్హతకీ అదే మాట. (సహకార పరపతి సంఘం బోర్డు చూడనివాళ్ళెవరు!) ఎవరి పరపతి ఎంతో షావుకారుకి కాగితం ముక్క లేకుండానే తెలిసేది. అమెరికాలో ఇల్లు కొనబోయే మనవాళ్ళకి అదే సంగతి 300 నుంచి 850 దాకా ఉండే ఒక అంకెలా ఎదురొస్తుంది. హైదరాబాదులో అప్పులన్నీ పైసాతో సహా తీర్చినా ఆ చరిత్ర విమానం ఎక్కదు, ఇక్కడ మళ్ళీ ఓనమాలే. స్కోరు బాలేదు, ఇంటి లోనుకి ఎలా వెళ్ళాలి అని అడిగినవాళ్ళకి నేను ముందు ఈ అంకె పుట్టిన కథ చెప్తుంటాను. పనికొచ్చే చిట్కాలన్నీ అందులోవే మరి.

1837లో అమెరికాలో పెద్ద ఆర్థిక సంక్షోభం వచ్చింది. న్యూయార్కులో ఆర్థర్ టాపన్ అనే పట్టు వ్యాపారి, ఇచ్చిన అరువులు వసూలుకాక చేతులెత్తేశాడు. ఆయన తమ్ముడు లూయిస్‌కి దాంతో ఒక ఆలోచన తట్టింది: ఎవడు నమ్మకస్తుడో ముందే తెలిస్తే? 1841లో మర్కంటైల్ ఏజెన్సీ పెట్టి, ఊరూరా మనుషుల్ని కుదుర్చుకున్నాడు. ఎక్కువమంది లాయర్లే. ఇల్లినాయిలో అలా రిపోర్టులు రాసినవాళ్ళలో అబ్రహాం లింకన్ కూడా ఉన్నాడు! తాగుతాడా, పెళ్ళయిందా, మామగారు ఉన్నవాడా... ఇవన్నీ లావుపాటి పుస్తకాల్లోకి ఎక్కేవి. సాఫ్టువేరువాడిగా నాకనిపించేదేమంటే, సిస్టం బానే కట్టారుగానీ లోపలికి వెళ్ళే డేటాలో సగం పుకారే.

అది వ్యాపారుల సంగతి. మామూలు జనం జోలికి వచ్చింది 1899లో అట్లాంటాలో పెట్టిన రిటైల్ క్రెడిట్ కంపెనీ. 1960లనాటికి దాని దగ్గర లక్షలాదిమంది ఫైళ్ళున్నాయి, మళ్ళీ అవే రాతలు: అలవాట్లు, కాపురం, ఇరుగుపొరుగు ఏమనుకుంటున్నారు. నీ గురించి ఏం రాశారో నీకు చూపించరు. తప్పు రాస్తే దిద్దించుకునే దారి లేదు. అప్పు ఎందుకివ్వలేదో చెప్పేవాడూ లేడు. ఆ ఫైళ్ళన్నీ కంప్యూటర్లలోకి ఎక్కిస్తారని తెలిసేసరికి గోల మొదలై, 1970లో ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం వచ్చింది. నా దృష్టిలో ఈ కథకంతటికీ కీలకం ఆ చట్టమే. మన రిపోర్టు మనం చూసుకునే హక్కు, తప్పుంటే సవాలు చేసే హక్కు దాంతోనే వచ్చాయి. 1975లో ఆ కంపెనీ పేరు మార్చుకుంది. కొత్త పేరు ఎక్విఫాక్స్. (2017లో దాదాపు 14.7 కోట్లమంది వివరాలు దొంగలపాలు చేసింది ఇదే. అపాచీ స్ట్రట్స్‌లో బయటపడ్డ లోపానికి ప్యాచ్ వచ్చినా వేసుకోలేదు.)

ఇంటి అప్పుల్లో ఇంకో దరిద్రం ఉండేది. 1930లలో ప్రభుత్వ సంస్థలే నగరాల పటాలు గీసి, నల్లవాళ్ళుండే పేటలకి ఎర్రరంగు పూశాయి. ఆ పేటలో మనిషి ఎంత నిజాయితీపరుడైనా అప్పు పుట్టేది కాదు. ఆడ, మగ, పెళ్ళి చూసి అప్పు ఇవ్వడం మానడం నేరమని 1974లో, జాతి, రంగు చూసినా నేరమేనని 1976లో చట్టం చేశారు.

ఈలోగా బిల్ ఫెయిర్ అనే ఇంజనీరూ, ఎర్ల్ ఐజాక్ అనే లెక్కల మనిషీ 1956లో కంపెనీ పెట్టి, మనిషి మొహం చూడకుండా లెక్కగట్టొచ్చు అన్నారు. చాన్నాళ్ళు వాళ్ళని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఇప్పుడు మనం చూసే ఫైకో స్కోరు 1989లో వచ్చింది. 1995లో ఫానీ మే, ఫ్రెడీ మాక్ ఇంటి అప్పులకి దాన్ని వాడమన్నాక ఇక ఎదురు లేకపోయింది. జీతం, వయసు, రంగు దాని లెక్కలోకి రావు. అలాగని మరీ ధర్మరాజేం కాదు. తాతకి ఇల్లు దక్కనివ్వలేదన్న సంగతి దానికి తెలీదు, మనవడి కార్డు బాకీ మాత్రం తెలుసు.

సరే, లోనుకి వెళ్ళేముందు ఏం చెయ్యాలి? ముందు మూడు బ్యూరోల రిపోర్టులూ తెప్పించుకోండి, ఉచితమే. మూడు స్కోర్లలో మధ్యదాన్నే బ్యాంకులు సాధారణంగా చూస్తాయి. తప్పు కనిపిస్తే రాతపూర్వకంగా సవాలు చెయ్యండి, మామూలుగా 30 రోజుల్లో విచారించాలి. ఆ 1970 చట్టం ఇలా ఇప్పటికీ పనిచేస్తోంది. స్కోరులో 35 శాతం సమయానికి కట్టారా లేదా అన్నది. కట్టని బాకీ ఏడేళ్ళు కనబడుతుంది, దానికి కాలమే మందు. 30 శాతం మాత్రం కార్డు పరిమితిలో ఎంత వాడేశారన్నదాని చుట్టూ తిరుగుతుంది, తొందరగా కదిలేది ఇదే. గడువు తేదీ దాకా ఆగకుండా స్టేట్‌మెంట్ తయారయ్యే తేదీకి ముందే కట్టేస్తే, ఒకట్రెండు నెలల్లోనే తేడా తెలుస్తుంది. పాత కార్డు మూసెయ్యకండి, కొత్తది తీసుకోకండి. అప్పిచ్చేవాళ్ళ రేట్లు పోల్చుకోవాలంటే రెండు వారాల్లోపు కానిచ్చేస్తే, ఆ ఎంక్వైరీలన్నీ కలిపి ఒక్కటిగా లెక్క.

ఇంత తాపత్రయం దేనికంటారా? 4 లక్షల డాలర్ల అప్పు 30 ఏళ్ళకి తీసుకుంటే, 6.5 శాతానికీ 7.25 శాతానికీ నెలకి 200 డాలర్ల తేడా. మొత్తం మీద 72 వేలు!

అన్నట్టు, డబ్బిస్తే స్కోరు పెంచుతామనే దుకాణాలు బోలెడున్నాయి. పని కాకుండా ముందే డబ్బు పుచ్చుకోవడం 1996 చట్టం ప్రకారం నేరం. నిజమైన బాకీని వాళ్ళూ చెరపలేరు, తప్పుడు బాకీని చెరిపించడానికి వాళ్ళు రాసే ఉత్తరం మనమూ రాసుకోవచ్చు.