సందూకు మీద నిషానీ

మాచర్ల దాటి కృష్ణ ఒడ్డున నిలబడితే, ఆవలి గట్టు ఒకప్పుడు నిజాం రియాసత్. ఈవలిది మద్రాసు ప్రెసిడెన్సీ. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా సాగిన పోలీస్ యాక్షన్ ఖౌఫ్ ఏరు దాటి మా పల్నాటి ఇళ్లలోకీ వచ్చింది. అందుకే ఏ అటక మీదైనా ఫౌజీ రంగు ఇనప పెట్టె కనబడితే, అది రజాకార్లదేనేమో అన్న గుసగుస మొదలవుతుంది. మా నానీ తన సందూకును ఏళ్ల తరబడి బొంతల కింద దాచింది. అడిగితే "చుప్" అనేది.

అసలు తూటాల పెట్టెను గుర్తుపట్టేదెలా? మూత అంచున తేమ చొరబడకుండా రబ్బరు పట్టీ, పక్కన గట్టిగా బిగించే కొక్కెం, పైన మడిచే పిడి ఉంటే అది ఫౌజీ మాల్ కావచ్చు. తర్వాత నిషానీలు వెతకాలి. మూడు గీతల బాణం గుర్తు బ్రిటిష్ సర్కారు సొత్తుకు ముద్ర. దాని కింద ఇంగ్లీషు ఐ అక్షరం ఉంటే హిందుస్తాన్ సర్కారుది. కానీ ఇంతమాత్రాన రజాకార్ కహానీ నిజమనీ కాదు, అబద్ధమనీ కాదు. నిజాం ఫౌజ్ చేతిలోనూ బ్రిటిష్ రైఫిళ్లే ఉండేవి.

303 అన్న అంకె కూడా తారీఖు చెప్పదు. ఆ తూటా 1880ల చివర మొదలై, రెండు ప్రపంచ యుద్ధాలు చూసి, స్వాతంత్ర్యం వచ్చాక కూడా మన పోలీసుల చేతుల్లో చాలాకాలం ఉంది. తూటా అడుగున కె, ఎఫ్ అక్షరాలుంటే అది పుణె దగ్గరి ఖడ్కీ కార్ఖానాది. 1869లో పెట్టిన కార్ఖానా అది.

అసలు సబూత్ 7.62. నాటో దేశాలు ఆ కొలతను ఖాయం చేసుకున్నది 1954లో. మన సైన్యం చేతికి ఆ కొలత రైఫిళ్లు వచ్చింది 1960లలో.

నానీ సందూకుకు ఎవరో నీలం రంగు పూశారు. ఆమె ఇంతికాల్ తర్వాత దాన్ని గీకితే లోపల తెల్ల అక్షరాల్లో 7.62 కనబడింది. 1948లో అలాంటి పెట్టె ఉండే వీల్లేదు. ఫౌజ్ పారేసిన సామాను ఏ కబాడీ దుకాణం మీదుగానో మా ఇంటికి చేరి ఉంటుంది. పాపం, ఆ పెట్టె గురించి నానీ అన్నేళ్లు భయపడింది.

మీ ఇంట్లోనూ ఒకటి ఉంటే అంకెలు చూడండి. ఖాలీ పెట్టె అయితే ఫికర్ లేదు. లోపల తూటాలున్నాయని తెలిస్తే మాత్రం ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి. లైసెన్సు లేకుండా తూటాలు ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం.