ఒసాకా పింగాణీ మ్యూజియం: సేకరణ వెనుక చరిత్ర

మ్యూజియంలో ఒక పాత్రను చూసినప్పుడు, అది అక్కడికి ఎలా చేరిందని కూడా మీరు అడగాలి. జపాన్‌లోని ఒసాకా నగర ప్రాచ్య పింగాణీ మ్యూజియాన్ని తీసుకోండి. ఇక్కడి చైనా, కొరియా పాత్రల్లో ముఖ్యమైనవాటిని సేకరించినది అటాకా అనే వ్యాపార సంస్థ. 1970లలో అది అప్పుల్లో మునిగింది. సుమారు వెయ్యి పాత్రలు తలో చోటికి చెదిరిపోయే ప్రమాదం ఏర్పడింది. చివరకు 21 సుమిటోమో సంస్థలు ఆ సేకరణను నగరానికి విరాళమిచ్చాయి. 1982లో మ్యూజియం ప్రారంభమైంది. చరిత్రకారుడికి ఇది పెద్ద మేలు. విడి పాత్ర అందాన్నే చూపుతుంది. వరుసగా ఉన్నవి పూత, ఆకారం ఎలా మారాయో చెబుతాయి. సెలడాన్ పాత్రల లేతాకుపచ్చ అసలు రంగు కనిపించాలని ఒక గదిలో సహజకాంతినే వాడారు. (మబ్బు పట్టిన రోజు అక్కడ మరో పాత్రను చూసినట్టే ఉంటుంది!) ఇక కథను ఇంకొంచెం వెనక్కి నడపండి. కొరియాలో గొర్యో రాజుల కాలం (918–1392) నాటి సెలడాన్ పాత్రలు ఇరవయ్యో శతాబ్దారంభంలో పెద్ద సంఖ్యలో జపాన్ చేరాయి. కొరియా అప్పుడు జపాన్ గుప్పిట్లో ఉంది. వాటిలో చాలావరకు సమాధులను తవ్వి తీసినవే.